కలివి కోడి జాడ చెప్పినవాళ్లు

మన కమలాపురం హాస్టల్లో ఉన్నవాళ్లలో కలివి పండ్లు తినని తమ్ముడు ఉండడనుకుంటాను. ఆ కలివి పొదల పేరే పెట్టుకున్న ఒక పక్షి గురించి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

దాని పేరు కలివి కోడి. 1848లో జెర్డాన్ అనే మద్రాసు సైన్యపు డాక్టరు దీని గురించి లోకానికి చెప్పాడు. అందుకే ఇంగ్లీషులో జెర్డాన్స్ కోర్సర్ అంటారు. 1900 తర్వాత ఇది శాస్త్రవేత్తల కంట పడలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు.

బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు మన జిల్లాకు వచ్చి, పల్లెల్లో బొమ్మ చూపించి అడిగారు. 1986 జనవరిలో రెడ్డిపల్లె దగ్గర ఐతన్న అనే పిట్టల వేటగాడు రాత్రిపూట టార్చిలైటు వెలుగులో దాన్ని పట్టి చూపించాడు. పగలంతా పొదల్లో దాగి, చీకటి పడ్డాక నేలమీద తిరిగే పక్షి అది. పగలు వెతికేవాళ్లకు ఎలా దొరుకుతుంది? రాత్రి అడవి తెలిసిన మనిషికే దొరికింది. దానికోసమే లంకమల అభయారణ్యం ఏర్పడింది. తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చారు. మళ్లీ చాలా ఏళ్లు జాడలేదు. 2025 ఆగస్టులో దాని కూత రికార్డయింది.

మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదే. మా నాయన బడి మొహం చూడలేదు, జీవాలు కాస్తాడు. ఎమ్మెస్సీ జువాలజీలో చేరాక నా పుస్తకంలోని బొమ్మలు ఆయనకు చూపించాను. కౌజు, పూరేడు, తీతువు అని వరసగా చెప్పుకుంటూ పోయాడు. ఏది ఎక్కడ గుడ్లు పెడుతుందో, ఎట్లా కూస్తుందో కూడా చెప్పాడు. కలివి కోడి దగ్గర మాత్రం ఆగి, "ఇది మన పక్క ల్యాదు నాయనా. లంకమల పక్క జీవాలు తోలేవాళ్లను అడగల్ల" అన్నాడు. తెలిసింది చెప్పడం, తెలియనిదానికి ఎవర్ని అడగాలో చెప్పడం, మా ల్యాబులో నేర్పేది కూడా ఇదే కదా!

తమ్ముళ్లారా, మనం చదువుకొని పట్నాలకు పోతున్నాం. జీవాలు అమ్ముకుంటున్న ఇళ్లు ఎక్కువవుతున్నాయి. మన పెద్దవాళ్లకు రాయడం రాదు, మనకు వచ్చు. ఈ సెలవుల్లో ఒక నోటుబుక్కు తీసుకుపోండి. వాళ్లు చెప్పే పిట్టల పేర్లు, కూతలు, తావులు రాసుకోండి. చెప్పినవాళ్ల పేరు పక్కనే రాయడం మాత్రం మరవకండి.