విశ్రాంతి ఎవరి వంతు?

నలభై రెండేళ్ళు నిండిన ఏడు నాకు మారథాన్ పరుగెత్తాలనిపించింది. దూరం 42 కిలోమీటర్ల 195 మీటర్లు. ఏడాదికో కిలోమీటరు అనుకుని నవ్వుకున్నాను. ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌కి పేరిచ్చి, 18 వారాల పట్టిక ఒకటి రాసుకుని ఫ్రిజ్ మీద అంటించాను.

వారానికి నాలుగు పరుగులు. రెండు నెమ్మదిగా, పక్కవాళ్ళతో మాట్లాడుతూ పోగలిగేంత. ఒకటి కాస్త వేగంగా. ఆదివారం పొడుగు పరుగు. రెండు రోజులు కాళ్ళకీ నడుముకీ బలమిచ్చే వ్యాయామం. సోమవారం పూర్తి విశ్రాంతి. ప్రతి నాలుగో వారం దూరం తగ్గించాలి. 30 కిలోమీటర్ల దాకా వెళ్ళాక, చివరి మూడు వారాలూ తగ్గించుకుంటూ రావాలి. పరుగులో కండరాలు అలిసిపోతాయి, అవి బలపడేది విశ్రాంతిలోనే. అందుకే సోమవారం గడిలో ఏమీ రాయలేదు. ఆ ఖాళీ గడి దగ్గరే దెబ్బతిన్నాను.

ఆరో వారానికి మెట్లెక్కుతుంటే ఆయాసం, ముంగాలి ఎముక వెంట నొప్పి. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ తొమ్మిది. డాక్టరమ్మ "ఏం తింటున్నారు?" అనలేదు, "ఎప్పుడు తింటున్నారు?" అనడిగింది. అందరూ తిన్నాక అనబోయి ఆగిపోయాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత. నెలనెలా పోయే రక్తానికి నా పట్టికలో గడే లేదు. ఐరన్ మాత్ర నిమ్మరసంతో వేసుకోమనీ, ఆ దరిదాపుల్లో టీ తాగొద్దనీ, ఈ ఏటికి సగం దూరంతో సరిపెట్టుకోమనీ చెప్పిందామె.

ఇంటికొచ్చి పట్టిక పక్కన ఇంకో కాయితం అంటించి ఇంటిపని గంటలు రాశాను. సోమవారం పొద్దున వంట, నాలుగు క్యారియర్లు, సాయంత్రం బట్టలు, మళ్ళీ వంట. ఆఫీసు కాక అయిదున్నర గంటలు. ఇదీ నా విశ్రాంతి దినం!

మా ఆయన చూసి, "పోనీ, పనమ్మాయికి ఇంకో రెండువేలిచ్చి సోమవారం వంట కూడా చేయించు" అన్నాడు. మంచిమాటే అనిపించి అడిగాను కూడా. సరేనంది. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో కూర్చుని మడమలు నొక్కుకుంది. అయిదిళ్ళ పని. వారంలో ఏ రోజూ సెలవు లేదు. నా కండరాలు బలపడాలంటే ఆమె కండరాలు అరగాలా? సిగ్గేసింది.

పరుగు ఆడవాళ్ళ ఒంటికి పడదని ఎన్నేళ్ళో అన్నారు. 1928 తర్వాత ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ 800 మీటర్ల పరుగు 1960 దాకా మళ్ళీ పెట్టలేదు. ఆడవాళ్ళ మారథాన్ 1984లో గానీ రాలేదు. ఈ సంగతి చెప్తే మా అత్తమ్మ, "పాలమూరుల మేం నీళ్ళబిందెలు మోసుకుంట రోజూ కోసెడు నడిచినం. గప్పుడు మీకు చాతగాదని ఎవ్వడన్న అన్నడా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

చివరికి సోమవారం పనమ్మాయికి జీతంతో సెలవిచ్చాం. వంట, అంట్లు, బట్టలు మా ఆయనా, ఇంటర్ చదువుతున్న మా అబ్బాయీ చెయ్యాలన్నాను. తేలిగ్గా ఒప్పుకోలేదు. రెండు వారాలు ఇంట్లో మాటల్లేవు. మూడో సోమవారం, ఎవరూ కదలకపోతే నేనూ కదల్లేదు. ఆకలేసి తొమ్మిదింటికి ఇద్దరూ వంటింట్లోకి వెళ్ళారు. అత్తమ్మ కూడా ఆ రోజు వెల్లుల్లి ఒలవనంది.

దూరం సగానికి తగ్గించి పట్టిక కొత్తగా రాశాను. సోమవారం గడి ఇప్పుడు ఖాళీగా లేదు. అందులో వాళ్ళిద్దరి పేర్లున్నాయి.