మీ పాత పాస్‌పోర్ట్ ఉంచుకోవచ్చు

జర్మన్ పౌరసత్వానికి ఇంటర్వ్యూ ఉంటుందా అని ఈ మధ్య చాలామందే అడుగుతున్నారు. పోయిన అక్టోబరులో నాకూ మా పాపకీ ఆ కాగితం చేతికొచ్చినప్పటి నుంచీ స్టుట్‌గార్ట్ చుట్టుపక్కల మన ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో నేనొక చిన్నపాటి నిపుణురాలినైపోయాను. ఉంటుందా అంటే ఉంటుంది, ఉండదా అంటే ఉండదు. అమెరికాలో మా అక్కను అధికారి ఎదురుగా కూర్చోబెట్టి చరిత్ర ప్రశ్నలు నోటితో అడిగారు. ఇక్కడ ఆ ప్రశ్నల పరీక్ష వేరే రోజు, కాగితం మీద. తర్వాత ఫైలు పట్టుకుని ఆఫీసుకు వెళ్ళినప్పుడు జరిగేది మాటలే. ఆ మాటలు పది నిమిషాలా, గంటా అన్నది ఊరిని బట్టి, కూర్చున్న మనిషిని బట్టి.

పరీక్ష గురించి ఎవరూ భయపడక్కర్లేదు. 2008 నుంచి ఉన్నదే. మొత్తం 310 ప్రశ్నలు బయటే దొరుకుతాయి. వాటిలో 300 అందరికీ, 10 మనముండే రాష్ట్రానికి. పరీక్షలో 33 వస్తాయి, గంట టైము, 17 సరైతే పాస్. ఫీజు 25 యూరోలు. ఫోల్క్‌స్‌హోఖ్‌షూలెలో, అంటే వయోజన విద్యా కేంద్రంలో రాశాను. పదో తరగతి పరీక్షల్లాగా రాత్రి రెండింటి దాకా చదివింది నేనొక్కదాన్నే అనుకున్నాను గానీ, పక్క బల్ల మీది సిరియా ఆవిడ నోట్సు చూస్తే నాది ఏమూలకూ రాదు. ఆ 310లో ఒక ప్రశ్న నాకు బాగా గుర్తు. ఇరవై రెండేళ్ళ అమ్మాయి తన స్నేహితుడితో కలిసి ఉంటోంది, తల్లిదండ్రులకు అబ్బాయి నచ్చలేదు, వాళ్ళేం చెయ్యొచ్చు అని. సరైన జవాబు, ఆ అమ్మాయి నిర్ణయాన్ని గౌరవించాలి. మన ఇళ్ళల్లో ఆ ప్రశ్నకు నాలుగు ఆప్షన్లు ఏం సరిపోతాయి!

అసలు కష్టం కాగితాలతో. నేను పుట్టింది 1983లో, వేములవాడ దగ్గర పల్లెలో, ఇంట్లోనే, మంత్రసాని చేతుల్లో. బర్త్ సర్టిఫికెట్ అనేది ఒకటుంటుందని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. పదో తరగతి మెమోలో ఉన్న తేదీయే నా పుట్టినరోజు. పెళ్ళయ్యాక పాస్‌పోర్టుకు కూడా అదే పనికొచ్చింది. జర్మనీ వాళ్ళకు అది చాలలేదు. ఆలస్యంగా రిజిస్టరు చేయించి సర్టిఫికెట్ తెప్పించాం. అపోస్టిల్ ముద్ర వేయిస్తే అయిపోతుంది కదా అని అందరూ అంటారు. భారత్, జర్మనీల మధ్య అది చెల్లదు. భారత్ ఆ ఒప్పందంలో చేరినప్పుడు జర్మనీ అభ్యంతరం చెప్పింది. అందుకని మన కాగితాలు నిజమో కాదో అక్కడికే మనిషిని పంపి చూసుకుంటారు. మా ఊరి పంచాయతీ ఆఫీసుకు ఒక లాయరు వెళ్ళి రిజిస్టరు తిరగేశాడు. ఊరంతా ఒకటే గుసగుస. మా అమ్మకు ఫోన్ మీద ఫోన్, "మీ బిడ్డ మీద ఏమన్న కేసయిందా?" అని.

అక్కడే మా బాపుకు తెలిసింది. అప్పటిదాకా నేను చెప్పలేదు.

మా ప్రాంతం వాళ్ళకు జర్మన్ పౌరసత్వం అనే మాట కొత్తేం కాదండీ. ప్రపంచంలో ఏ పల్లెలోనూ టీ కొట్టు దగ్గర దీని గురించి ఇంత చర్చ జరిగి ఉండదు. వేములవాడ నుంచి నాలుగుసార్లు ఎమ్మెల్యేగా గెలిచిన చెన్నమనేని రమేశ్ గారు ఏళ్ళ తరబడి జర్మనీలో ఉండి అక్కడి పౌరసత్వం తీసుకున్నవారు. 2009లో మళ్ళీ భారత పౌరసత్వం పొంది ఎన్నికల్లో నిలబడ్డారు. దరఖాస్తుకు ముందు పన్నెండు నెలలు ఇక్కడే ఉండాలన్న నియమం పాటించలేదని ప్రత్యర్థి ఆది శ్రీనివాస్ గారు కేసు నడిపారు. కేంద్ర హోంశాఖ 2017లో ఒకసారి, 2019లో ఇంకోసారి ఆ పౌరసత్వాన్ని రద్దు చేసింది. చివరికి 2024 డిసెంబరులో తెలంగాణ హైకోర్టు ఆయన జర్మన్ పౌరుడేనని తేల్చి, 30 లక్షలు కట్టమంది. నా దరఖాస్తు అదే ఏడాది ఆగస్టులో వేశాను. తీర్పు వచ్చిన సాయంత్రం బాపు ఫోన్ చేశాడు.

"బిడ్డా, గాయిన జర్మనోడా ఇండియనోడా అని పదిహేనేండ్లు కొట్లాడిన్రు. నీకెందుకమ్మా గీ లొల్లి?"

నేను ఎలక్షన్లలో నిలబడటం లేదు కదా బాపూ అన్నాను. ఆయన నవ్వలేదు. కొంచెంసేపాగి, "గా దేశపోళ్ళు రమ్మన్నరు, సరే. మనోళ్ళు నిన్ను పొమ్మన్నరా?" అన్నాడు.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఎవరూ పొమ్మనలేదు. 2012 జనవరిలో మా ఆయన వెనక వచ్చాను, నాలుగేళ్ళు చూసి వెళ్ళిపోదాం అనుకుంటూ. 2016లో పాప పుట్టింది. అప్పటి చట్టం ప్రకారం ఇక్కడ పుట్టిన బిడ్డకు పుట్టుకతో పౌరసత్వం రావాలంటే తల్లి గానీ తండ్రి గానీ ఎనిమిదేళ్ళు ఇక్కడ ఉండి ఉండాలి. మా ఆయనకు అప్పటికి ఆరేళ్ళే. దాంతో ఈ ఊరి ఆసుపత్రిలో పుట్టి, ఈ ఊరి కిండర్‌గార్టెన్‌లో పెరిగి, నాతో తెలుగులో పోట్లాడి కలలో జర్మన్‌లో కలవరించే పిల్ల భారతీయురాలు. నేను తీసుకుంటే నా దరఖాస్తులోనే పాపదీ అయిపోతుంది. నాకు 255 యూరోలు, తనకు 51.

మా ఆయన మాత్రం మార్చుకోలేదు. ఇది చాలా ఇళ్ళల్లో జరిగేదే, ఒకరు ఇటు, ఒకరు అటు. మా అత్తయ్య ఒంటరిగా హన్మకొండలో ఉంటారు, రేపు తిరిగి వెళ్ళాల్సొస్తే ఒక్కరిదైనా అక్కడి పాస్‌పోర్ట్ ఉండాలన్నది ఆయన లెక్క. "మొగుడు ఇండియా, పెళ్ళాం జర్మనీ, బాగానే ఉంది" అని అత్తయ్య దెప్పింది. దెప్పినా, పాప కోసమని తెలిశాక మళ్ళీ మాట్లాడలేదు.

ఇక ఆ ఆఫీసు మాటలు. 2025 మార్చిలో పిలిచారు. యాభై దాటిన ఆవిడ, మెడలో కళ్ళద్దాల గొలుసు, కిటికీలో మనీప్లాంట్. బి1 సర్టిఫికెట్ చూసి పక్కన పెట్టి, మామూలుగా మాట్లాడటం మొదలుపెట్టింది. ఏం చేస్తుంటారు, పాప ఏ క్లాసు. భాష చూస్తోందని నాకు తెలుస్తూనే ఉంది. తర్వాత విధేయతా ప్రకటన ముందు పెట్టి, మీ మాటల్లో చెప్పండి అంది. స్వేచ్ఛాయుత ప్రజాస్వామ్య వ్యవస్థ అంటే ఏమిటి, కోర్టులు ప్రభుత్వం మాట వినాలా, భార్య ఉద్యోగం చేయకూడదని భర్త ఆపవచ్చా. 2024 సవరణ తర్వాత ఇంకో సంగతి కూడా చేరింది. నాజీల పాలనకు, దాని పర్యవసానాలకు జర్మనీకి ఉన్న ప్రత్యేక చారిత్రక బాధ్యతను, ముఖ్యంగా యూదుల రక్షణను, మనమూ ఒప్పుకోవాలి. ఇది బట్టీ పట్టే విషయం కాదు. మా పాప స్కూలుకు వెళ్ళే దారిలో పేవ్‌మెంట్‌లో ఇత్తడి పలకలున్నాయి. ఆ ఇంట్లోంచి తీసుకెళ్ళిన వాళ్ళ పేర్లు, తీసుకెళ్ళిన సంవత్సరం. పాప చదవడం నేర్చుకున్న కొత్తల్లో దారిలో కనబడిన ప్రతి అక్షరాన్నీ కూడబలుక్కునేది, వాటినీ అలాగే చదివింది. ఆ సంగతే ఆవిడకు చెప్పాను. ఆవిడ తలూపి రాసుకుంది.

స్త్రీ పురుషుల సమానత్వం దగ్గర నేను కొంచెం ఎక్కువే మాట్లాడాను, దాచుకోవడమెందుకు. 1949లో ఈ దేశపు రాజ్యాంగం రాసిన 65 మందిలో ఆడవాళ్ళు నలుగురే. అందులో ఎలిజబెత్ సెల్బర్ట్ అనే లాయరు, స్త్రీ పురుషులకు సమాన హక్కులు అన్న చిన్న వాక్యం కోసం పట్టుబట్టింది. మొదట ఓడిపోయింది. ఊరూరా తిరిగి ఆడవాళ్ళను కదిలిస్తే ఉత్తరాలు కుప్పలుగా వచ్చిపడ్డాయి, అప్పుడు గానీ ఆ వాక్యం రాజ్యాంగంలోకి ఎక్కలేదు. అంతకుముందు పరదేశిని పెళ్ళాడిన జర్మన్ స్త్రీకి తన పౌరసత్వమే పోయేది. పరదేశి భర్త ఉన్న జర్మన్ తల్లి తన బిడ్డకు పౌరసత్వం ఇవ్వగలిగింది 1975 నుంచే. మనమేం తక్కువ తినలేదు. విదేశంలో పుట్టిన బిడ్డకు తల్లి ద్వారా భారత పౌరసత్వం రావడానికి 1992 సవరణ దాకా ఆగాల్సొచ్చింది, అప్పటిదాకా తండ్రిదే లెక్క. ఇదంతా పరీక్షకు అక్కర్లేదు. నా పాప పౌరసత్వం నా పేరు మీదుగా వస్తోంది కాబట్టి చదివాను. మన రాజ్యాంగ సభలో రాజమండ్రి ఆవిడ దుర్గాబాయి ఉండేదని కూడా చెప్పాను. ఆవిడ మర్యాదగా విన్నది, రాసుకోలేదు.

అన్నీ అయ్యాక, శుభవార్త చెబుతున్నట్టు మొహం పెట్టి, "మీ పాత పాస్‌పోర్ట్ మీరు ఉంచుకోవచ్చు, తెలుసు కదా? 2024 జూన్ 27 నుంచి మేం వదులుకోమని అడగటం లేదు" అంది.

టర్కీ వాళ్ళకు అది పెద్ద పండగే. మనకు ఏ తేడా లేదు. మా రాజ్యాంగంలో తొమ్మిదో అధికరణం ఉంది, 1955 పౌరసత్వ చట్టంలో తొమ్మిదో సెక్షన్ ఉంది, ఇష్టపడి ఇంకో దేశ పౌరసత్వం తీసుకున్న క్షణంలో భారత పౌరసత్వం దానంతటదే పోతుంది అని వివరించాను.

"మేం అడగకపోయినా మీ దేశం తీసేసుకుంటుందా?"

"అవును."

"దరఖాస్తు అక్కర్లేకుండానే?"

"అక్కర్లేకుండానే. మీరు కాగితం నా చేతిలో పెట్టగానే."

ఆవిడ ఫైలు మూసింది. కాసేపు ఇంకేమీ అడగలేదు. తర్వాత, "ఇంకొంచెం ఆలోచించుకుంటారా? ఫైలు పక్కన పెడతాను, మీరు ఫోన్ చేసేదాకా ముట్టుకోను" అంది. ఆఫీసులో అలా అడిగే మనిషి ఉంటుందని నేను అనుకోలేదు. బాపు అడిగిందే, ఇంకో భాషలో. రెండేళ్ళుగా ఆలోచించాను, కానివ్వండి అన్నాను. గొంతు మాత్రం సరిగ్గా రాలేదు.

బాపు బెంగ పౌరసత్వం గురించి కాదని ఆ వేసవిలో ఊరికి వెళ్ళినప్పుడు తెలిసింది. ఆయనకున్నది రెండెకరాల పొలం. నేను విదేశీ అయితే అది నాకు రాదని ఎవరో చెప్పారు. కరీంనగర్‌లో లాయరును కలిశాం. విదేశంలో ఉన్నవాళ్ళు, పాస్‌పోర్ట్ భారత్‌ది అయినా సరే, వ్యవసాయ భూమి కొనకూడదు, గిఫ్టుగా పుచ్చుకోకూడదు. వారసత్వంగా మాత్రం రావచ్చు. ఓసీఐ కార్డు వాళ్ళకూ అచ్చం ఇదే. అంటే నేను 2012లో విమానం ఎక్కి ఇక్కడ స్థిరపడినప్పుడు మారిందే తప్ప, ఇప్పుడు కొత్తగా మారేదేమీ లేదు. వీలునామా రాస్తే చాలు. బాపు బయటికొచ్చి చెరుకు రసం తాగి, "గిది ముందుగాల చెప్పొద్దా" అన్నాడు. నాకూ ముందుగాల తెలియదు. ఈ ఒక్క ముక్క కోసమైనా ఈ వ్యాసం మీ ఇళ్ళల్లో చదివి వినిపించండి.

అక్టోబరులో కాగితం ఇచ్చారు. అందరిముందూ నిలబడి, రాజ్యాంగాన్నీ చట్టాలనీ గౌరవిస్తాను, ఈ దేశానికి హాని కలిగించేదేదీ చెయ్యను అని గట్టిగా చదవాలి. రెండు వాక్యాలు కూడా ఉండదు. పాప చదవక్కర్లేదు, చిన్నపిల్ల. పెదాలు మాత్రం కదిపింది.

తర్వాత మ్యూనిక్‌లోని మన కాన్సులేట్ పని. పాస్‌పోర్ట్ సరెండర్ చేస్తే రద్దు ముద్ర వేసి తిరిగి ఇస్తారు, దాని ఆధారంగా ఓసీఐ. వీసా లేకుండా ఎప్పుడైనా వెళ్ళొచ్చు, ఓటు మాత్రం ఉండదు. నిజానికి అక్కడ ఓటు వేసి పద్నాలుగేళ్ళయింది. విదేశాల్లో ఉన్నవాళ్ళు పేరు నమోదు చేసుకున్నా, ఆ రోజుకు ఊళ్ళో ఉండి బూతుకు వెళ్ళాల్సిందే. ఇక్కడేమో ఐరోపా సమాఖ్య బయటి వాళ్ళకు మున్సిపల్ ఓటు కూడా లేదు. రెండు దేశాల్లో పన్నులు, ఛార్జీలు అన్నీ కట్టుకుంటూ ఒక్క చోటా ఓటు వెయ్యని మనిషిని ఇన్నాళ్ళూ. ఈ సంగతి బాధ పెట్టిందని కాగితం వచ్చాకే తెలిసింది.

మొన్న మార్చి 8న జరిగే మా రాష్ట్ర ఎన్నికలకు ఓటరు చీటీ పోస్టులో వచ్చింది. ఫోటో తీసి బాపుకు పంపాను. వెంటనే వీడియో కాల్.

"ఓటుకు ఎంతిస్తున్నరు ఆడ?"

"ఏమియ్యరు బాపూ."

"బిర్యానన్న పెడ్తరా మరి?"