ఎన్ని పాటలు పడతాయి?

సెల్‌ఫోన్ దుకాణంలో కాసేపు నిలబడి గమనించండి. కొనేవాళ్లు కెమెరా గురించి అడుగుతారు, బ్యాటరీ గురించి అడుగుతారు. ఆ తర్వాత తప్పకుండా వచ్చే ప్రశ్న 'ఎన్ని జీబీ?' అని. 64 అంటే '128 లేదా?' అంటారు. 128 చూపిస్తే చూపు 256 మీదికి పోతుంది. అంతెందుకండీ అంటే మాత్రం గట్టి జవాబుండదు. 'ఉంటే మంచిదే కదా!' అంతే.

ఈ ఆశ ఇవాళ్టిది కాదు. 1979లో సోనీ వాక్‌మన్ వచ్చినప్పుడు అందులో పట్టేది ఒక్క క్యాసెట్. అంటే గంట, మహా అయితే గంటన్నర పాటలు. 2001 అక్టోబరులో ఆపిల్ సంస్థ 5 జీబీ ఐపాడ్ తెచ్చి వెయ్యి పాటలు జేబులో పెట్టుకోవచ్చంది. వెయ్యా అని నోరు వెళ్లబెట్టిన జనమే ఇంకా కావాలన్నారు. 2007 నాటికి అది 160 జీబీ అయింది, 40 వేల పాటలంది. మన బాలు జీవితమంతా పాడినవి కూడా 40 వేలకు పైనే అని చెప్పుకుంటాం. పాటకు నాలుగు నిమిషాల చొప్పున లెక్కేయండి. తిండీ నిద్రా మానేసి విన్నా 111 రోజులు పడుతుంది. ఎవరు వింటారు చెప్పండి?

మా ఊరు తొండూరు. పులివెందుల నుంచి ముద్దనూరు వెళ్లే దారిలో వస్తుంది. నా చిన్నతనంలో పాటలు రికార్డు చేయించుకోవాలంటే పులివెందులకో, ప్రొద్దుటూరుకో పోవాలి. ఖాళీ క్యాసెట్‌తో పాటు తెల్ల కాగితం మీద పాటల పట్టీ రాసివ్వాలి. గంట క్యాసెట్‌లో రెండు వైపులా కలిపి పద్నాలుగు పాటలు పడితే గొప్ప. ఇంట్లో మేం ఆరుగురం. తాతకు షణ్ముఖి ఆంజనేయరాజు పద్యాలు కావాలి. అమ్మకు ఘంటసాల, సుశీల. అక్కకు ఇళయరాజా. నాకు చిరంజీవి స్టెప్పులేసిన పాట ఏదైనా సరే. నాయన, అవ్వ మాత్రం ఏదీ అడిగేవాళ్లు కాదు.

ఒక పాట ఎక్కాలంటే ఇంకొకటి దిగాలి. తాత పద్యమైతే రాగంతో కలిపి రెండు పాటల చోటు తినేసేది. 'మీ రెండూ తీసేయండి, నా ఒక్కటీ పెట్టండి' అని ఆయన బేరం. ఆ కాగితం మీద కొట్టివేతలే ఎక్కువ. కానీ ఎవరికి ఏ పాట ప్రాణమో ఇంట్లో అందరికీ తెలిసేది.

తర్వాత మెమరీ కార్డులొచ్చాయి. దుకాణం అబ్బాయి పదో ఇరవయ్యో తీసుకుని 2 జీబీ కార్డు నిండా పాటలు ఎక్కించి ఇచ్చేవాడు. దాదాపు 500 పాటలు. ఏ పాటలు కావాలో అడిగేవాడు కాదు. 'పాతవా? కొత్తవా?' అంతే. కొట్టివేతలూ లేవు, బేరాలూ లేవు.

అప్పుడు తన లెక్క తాను చెప్పింది మా నాయన ఒక్కడే. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చింది. రోజుకు ఏడు గంటలు, అదీ విడతలుగా. మా వైపు ఒక విడత చాలాసార్లు రాత్రిపూటే పడేది. చీనీ తోటకు నీళ్లు కట్టడానికి నాయన టార్చిలైటు, పాటల ఫోను పట్టుకుని పోయేవాడు. పాములు తిరిగే చీకట్లో పాట ఒక తోడు. 'ఎన్ని పాటలు ఎక్కించాలి నాయనా?' అని అడిగితే, 'కరెంటు వచ్చి పోయేదాకా మోగితే సాలు' అన్నాడు. ఏడు గంటలంటే 105 పాటలు. మామూలు ఎంపీ3లైతే సుమారు 400 ఎంబీ. అర జీబీ కూడా కాదు!

మరి మిగతావాళ్లకు అంతంత చోటెందుకు? నాకైతే మా సీమలోని పాతర్లు గుర్తొస్తాయి. వెనకటి రోజుల్లో నేలలో గొయ్యి తవ్వి జొన్నలు దాచేవారు. అది రేపటి పూటకోసం కాదు, వాన రాని ఏడాది కోసం. జేబులో 40 వేల పాటలు పెట్టుకునేదీ వినడానికి కాదేమో. కావాల్సిన రోజున లేకుండా పోతుందేమోనన్న బెంగతో.

ఆ బెంగ వట్టిదని కొట్టిపారేయలేం. మా కడప సీమవాడే తాళ్లపాక అన్నమయ్య. 32 వేల సంకీర్తనలు రచించాడని ప్రతీతి. ఆయన కుటుంబం వాటిని రాగి రేకుల మీద చెక్కించి తిరుమలలో భద్రపరిచింది. అయినా నేడు మనకు దొరికినవి సుమారు 14 వేలే. ఆ రేకుల మీద రాగం పేరుంది, సాహిత్యం ఉంది. స్వరాలు లేవు. అన్నమయ్య ఎలా పాడాడో రేకు చెప్పదు. అందుకే రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి పెద్దలు వాటికి మళ్లీ బాణీలు కట్టాల్సి వచ్చింది. అంత పెద్ద పాతరలోనూ గొంతు దాగలేదు.

మా అవ్వ విత్తనానికి శెనక్కాయలు ఒలుస్తూ ఒక పాట పాడేది. పుట్టింటి నుంచి అన్న వస్తాడని ఎదురుచూసే చెల్లెలి పాట. ఎవరు కట్టారో ఆమెకూ తెలియదు. 2011లో అక్క దాన్ని ఫోనులో రికార్డు చేసింది. మూడు నిమిషాలు కూడా లేదు. మధ్యలో అవ్వ పాట ఆపి, కాయల మీదికొచ్చిన కోడిని అదిలించి, మళ్లీ అందుకుంటుంది. మరో మూడేళ్లకు అవ్వ పోయింది. అదే పాట పాడిన గొంతు మరొకటి మా ఊళ్లో నాకు వినబడలేదు.

ఇప్పుడు జీబీల లెక్కే మారిపోయింది. 2022లో ఆపిల్ ఐపాడ్‌ల తయారీకి స్వస్తి చెప్పింది. ఇంటర్నెట్‌లో పాటలు వినిపించే స్పాటిఫై లాంటి చోట 10 కోట్లకు పైగా పాటలున్నాయి. దాచుకోవాల్సిన పనే లేదంటున్నారు. నిజమే, బాలు పాట ఎక్కడైనా దొరుకుతుంది. కోడిని అదిలించిన అవ్వ పాట ఆ పది కోట్లలో ఉండదు కదా.

మొన్న నాయన పాత ఫోను మొరాయిస్తుంటే కొత్తది తీసుకెళ్లాను. 128 జీబీ, వేల పాటలు పడతాయని గొప్పగా చెప్పాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, 'మాయమ్మ పాట పడ్తాదా దీంట్లో?' అన్నాడు. పడుతుందన్నాను. 'అయితే సాలు' అన్నాడు.

మెమరీ కార్డులు కలకాలం ఉండవు, ఫోన్లు పగులుతాయి. అందుకని ఆ పాటను అక్క దగ్గరొకటి, నా కంప్యూటర్‌లో ఒకటి పెట్టాం. మీ ఇంట్లోనూ లాలిపాటో, మంగళహారతో, నాటు వేస్తూ నేర్చుకున్న పాటో వచ్చిన పెద్దవాళ్లుంటారు. ఈ ఆదివారం మధ్యాహ్నం పక్కన కూర్చుని పాడమని అడిగి చూడండి. మొదట సిగ్గుపడతారు, గొంతు పోయిందంటారు. బతిమాలండి. మూడు నిమిషాల పాటకు మూడు ఎంబీలు చాలు.