మా నాయన బట్టీ – నా బట్టీ



మాది దొరవారిసత్రం దగ్గర పల్లె. మా నాయన పులికాట్ గుల్ల కాల్చే సున్నపు బట్టీలో కూలీ. హాస్టల్లో ఎవరడిగినా "వ్యవసాయం" అని చెప్పేవాణ్ణి. మాకు సెంటు భూమి లేదు.

ఇంటర్‌లో లీ షాట్లియర్ సూత్రం వచ్చింది. సమతాస్థితిలో ఉన్న వ్యవస్థకు ఉష్ణోగ్రత, పీడనం, గాఢతల్లో దేన్ని మార్చినా, ఆ మార్పు ప్రభావాన్ని తగ్గించే వైపు సమతాస్థితి జరుగుతుంది. 1884లో ఆ ఫ్రెంచి శాస్త్రవేత్త చెప్పిన మాటను బట్టీ పట్టాను. పరీక్షలో "కాల్షియం కార్బొనేట్‌ను మూసిన పాత్రలో వేడిచేస్తే?" అని అడిగితే ఏమీ రాయలేకపోయాను.

ఆ సంక్రాంతి సెలవుల్లో నాయనకు క్యారియర్ తీసుకెళ్ళాను. బట్టీలో గుల్ల ఒక వరస, బొగ్గు ఒక వరస. పైన మూత లేదు.

"వేడంతా పోతుంది గదా, మూయొచ్చు గదా?" అన్నాను.

"మూస్తే గాలాడదు నాయనా. మంట చస్తది, గుల్ల పచ్చిగానే ఉండిపోద్ది" అన్నాడు.

అప్పుడు వెలిగింది. గుల్ల చాలావరకు కాల్షియం కార్బొనేటే. వేడిని పీల్చుకుని పొడి సున్నంగా, కార్బన్ డయాక్సైడ్‌గా విడిపోతుంది. మూసిన పాత్రలో ఆ వాయువు పీడనం ఒక స్థాయికి చేరగానే విడిపోవడం, తిరిగి కలవడం సమాన వేగంతో జరుగుతాయి. పైకి చర్య ఆగినట్టే ఉంటుంది. తెరిచిన బట్టీలో వాయువు పోతూనే ఉంటుంది కాబట్టి చర్య ముందుకే సాగుతుంది. వేడి పెంచినా ముందుకే. సుమారు 900 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆ వాయువు పీడనం ఒక అట్మాస్ఫియర్ అవుతుంది. మూత మంటనే కాదు, చర్యనూ ఆపుతుందన్నమాట.

ఆ సున్నాన్ని నీళ్ళలో కలిపి గోడకు వేస్తే, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను మెల్లగా తీసుకుని మళ్ళీ కాల్షియం కార్బొనేట్‌గానే గట్టిపడుతుంది. సున్నం వేసిన గోడకు ఆనుకుని చదువుకుంటూ, సున్నం కాల్చేవాడి కొడుకునని చెప్పడానికి నేను సిగ్గుపడ్డాను! లీ షాట్లియర్ కూడా సున్నం, సిమెంటు మీద పరిశోధన చేసినవాడేనని తర్వాత చదివాను.

ఎం.ఎస్సీ. కెమిస్ట్రీ దరఖాస్తులో తండ్రి వృత్తి దగ్గర "సున్నపు బట్టీ కూలీ" అని రాశాను. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. మొదటి పాఠం మాత్రం మా నాయనదే.

తమ్ముళ్ళారా, పాఠం అర్థం కాకపోతే ఇంటికెళ్ళినప్పుడు మీ నాయననో అమ్మనో వాళ్ళ పని గురించి అడగండి.