కారులో మూడు రోజులు

2019 మే నెలలో మా తమ్ముణ్ణి చూడడానికి అమెరికా వెళ్ళాను. మాది హోసూరు. తమ్ముడు ఇరవై ఏళ్ళుగా అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్ నగరంలో ఉంటున్నాడు. నేనున్న రోజుల్లో అతనికి దొరికిన సెలవు మూడు రోజులే.

"విమానంలో పోయి న్యూయార్కు, వాషింగ్టను చూసొద్దామా? కారులో గ్రాండ్ కాన్యన్ మీదుగా ఉత్తరానికి పోదామా? రెండూ కుదరవు. నువ్వే చెప్పన్నా" అన్నాడు.

ఆ రాత్రి ఎటూ తేల్చుకోలేకపోయాను. వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో తెలుగు పుస్తకాలున్నాయి. తెలుగు పంతులును గదా, ఆ బీరువాల ముందు ఒక్కసారి నిలబడాలని నా కోరిక. న్యూయార్కు రేవులోని స్వేచ్ఛా ప్రతిమను చూడకుండా వస్తే, అమెరికా వెళ్ళానంటే ఊళ్ళో ఎవరు నమ్ముతారు? కాని మా ఇద్దరి మధ్య ఒక మాట మిగిలిపోయి ఉంది. 2016లో మా నాయన పోయినప్పుడు తమ్ముడు రాలేకపోయాడు. ఆ తరువాత ఫోనులో ఎన్నిసార్లు మాట్లాడుకున్నా అతను ఆ ఊసెత్తలేదు, నేనూ అడగలేదు. తెల్లవారాక "కారే" అన్నాను.

ఫీనిక్స్ దాటగానే రాళ్ళ గుట్టల మీద తాటిచెట్లంత జెముళ్ళు చేతులెత్తి నిలబడ్డట్టు కనిపించాయి. రెండు గంటలు ఎగువకు ప్రయాణించేసరికి ఫ్లాగ్‌స్టాఫ్ వచ్చింది. అది సుమారు 2,100 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు. చుట్టూ పైన్ అడవి, చలిగాలి. పొద్దున చెమటతో తడిసిన చొక్కా మీద స్వెట్టరు వేసుకున్నాను.

గ్రాండ్ కాన్యన్ పొడవు 446 కిలోమీటర్లు, లోతు సుమారు 1.6 కిలోమీటర్లు. ఇంత లోయను తొలిచిన కొలరాడో నది పైనుంచి చూస్తే సన్నని దారంలా ఉంది. అక్కడ ఎవరికీ మాట రాలేదు. మా ఇద్దరికీ సరే, ఆ మాట అప్పుడూ రాలేదు.

మరునాడు నవాహో ప్రజల నేలలో ప్రవేశించాం. వేసవిలో అరిజోనా గడియారం మార్చదు, నవాహోలు మారుస్తారు. అందుచేత ఎల్ల దాటగానే ఒక గంట ముందుకు జరిగింది. తమ్ముడు రేడియో పెట్టాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు. "నవాహో భాష. విండో రాక్ నుంచి వస్తుంది" అన్నాడు. ఒకప్పుడు ఆ భాష మాట్లాడితే బడుల్లో పిల్లలను దండించేవారట. అదే భాషతో 1942లో 29 మంది నవాహో యువకులు అమెరికా సైన్యానికి రహస్య సంకేతాలు కూర్చారు. జపానువారు వాటిని విప్పలేకపోయారు.

వెనక సీటులో తమ్ముడి కొడుకు, పదేళ్ళవాడు, తడుముకుంటూ అడిగాడు: "పెద్దనాయనా, మీ ఊరి రేడియోలో ఏ భాష వస్తుంది?"

"ఒక పక్క కన్నడం, ఒక పక్క అరవం. రాత్రి పొద్దుపోయాక మీ తాత చెవి ఆనించి మీట తిప్పితే, గరగరల మధ్య విజయవాడ నుంచి తెలుగు వినిపించేది."

కొంత దూరం పోయాక తమ్ముడు, రోడ్డు మీదినుంచి చూపు తిప్పకుండానే, "నాయన రేడియో ఉందా అన్నా?" అన్నాడు.

"ఉంది. మీట ఊడింది. ఆసుపత్రికి పోయేముందు రోజు కూడా తిప్పాడు. నువ్వెప్పుడొస్తావని అడిగాడు."

తమ్ముడు కారును రోడ్డు పక్కకు తీసి ఆపాడు. ఇద్దరం దిగాం. చాలాసేపు అక్కడే ఉండిపోయాం.

మాన్యుమెంట్ వ్యాలీ చేరేసరికి చీకటి పడింది. అంత దూరం పోయీ ఆ ఎర్రకొండలను ఆ సాయంత్రం చూడలేకపోయాం.