ఎవరి పండు వారిది

మా వసారా చూరు కింద గబ్బిలాలు చేరాయి. కాపురానికి కాదు లెండి, భోజనానికి. పెరట్లో జామచెట్టుంది, వీధివైపు బాదంచెట్టుంది. చీకటి పడగానే ఒక్కొక్కటీ పండు నోట కరుచుకుని వచ్చి, తలకిందులుగా వేలాడి, రసం మింగి పిప్పి ఉమ్మేస్తుంది. తెల్లారేసరికి గచ్చునిండా పిప్పీ, గోడనిండా మరకలూను. ఊడ్చేది మా ఆవిడ గనుక, వాటికి పడవలసిన చీవాట్లన్నీ నాకు పడుతూండేవి.

అదే రోజుల్లో ఇంట్లో అంతకంటె పెద్ద చిక్కు వచ్చిపడింది. అమ్మ పోయిన తరువాత నాన్నగారిని పల్లెనుంచి మా దగ్గరకు తీసుకొచ్చాం. ఆయన అన్నం కెలికి లేచిపోయేవారు. "సయించడం లేదురా" అనడం తప్ప మరో మాట లేదు. "అందరికీ ఒకటే వంట. అందరూ తింటున్నారు. ఆయనకేం లోటు చేశాను?" అని మా ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకునేది. వయస్సు మీరిన చాదస్తమని నేను తీర్మానించాను. నెల తిరిగేసరికి ఆయన చొక్కా భుజాలమీంచి జారిపోసాగింది.

ఒకనాటి రాత్రి పడకకుర్చీలోంచి నన్ను పిలిచారు. "ఆ రెక్క చిరిగినవాడున్నాడే, వాడు జామపండు తప్ప ముట్టడు. పది రోజులుగా చూస్తున్నాను. ఆ మూలవాడికి బాదం కావాలి" అన్నారు. నవ్వి ఊరుకున్నాను. తీరా తెల్లవారి చూద్దునుగదా, ఒకచోట జామగింజల పిప్పి, మూలన బాదం టెంకలు, పంక్తి భేదం పాటించినట్లు వేరువేరుగా పడి ఉన్నాయి!

భోజనాల దగ్గర ఈ సంగతి చెబితే, కాలేజీలో చదివే మా అబ్బాయి ఎక్కడెక్కడివో వెతికి చదివి వినిపించాడు. ఇజ్రాయెల్‌లోని హులా లోయలో 172 పళ్ళ గబ్బిలాలకు చిన్న రేడియో యంత్రాలు తగిలించి, అవి రాత్రిళ్ళు ఎటు పోతాయో కనిపెట్టారట. 2020లో ఆ వివరాలు అచ్చయ్యాయి. దారీ తెన్నూ లేకుండా వెతుక్కోవడం అరుదట. తెలిసిన చెట్టుకే తిన్నగా పోయి వాలతాయట. ఆ దేశంలోనే 2021లో తేలింది మరొకటి. పల్లెపట్టు గబ్బిలాలు రోజూ ఆ కొద్ది చెట్లనే నమ్ముకుంటే, పట్నంవి రకరకాల చెట్లు రుచి చూస్తాయట. టెల్ అవీవ్ విశ్వవిద్యాలయం వారు పెంపకంలో ఉంచిన వాటిని గమనించి 2018లో వ్రాసింది మరీ తమాషా. కొన్ని గిన్నెలోంచి తామే పండు తెచ్చుకుంటాయి. కొన్ని పక్కదాని నోట్లోంచి లాక్కుంటాయి. ఏడాది దాటినా ఎవరి పద్ధతి వారిదేనట!

"ఆ రెండో రకం మనింట్లోనూ ఉంది" అంది మా ఆవిడ. వాడి చెయ్యి అప్పటికే చెల్లెలి కంచంలో వడియాల మీద ఉంది.

అందరం నవ్వాం. నాన్నగారు నవ్వలేదు. పల్లెపట్టు గబ్బిలాల మాట వచ్చినప్పుడు మాత్రం తలెత్తి చూసి, మళ్ళీ కంచంలోకి దించుకున్నారు. అప్పుడు తట్టింది నాకు. యాభై ఏళ్ళవాణ్ణి, ఏనాడూ అడగని మాట అడిగాను.

"నాన్నగారూ, మీకేమిటి ఇష్టం?"

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "మీ అమ్మ ఎప్పుడూ అడగలేదురా. దానికి తెలుసు" అన్నారు. తరువాత, తప్పు చేసినవాడిలా మెల్లిగా, "తరవాణి అన్నం, ఊరమిరపకాయ" అన్నారు.

మా ఆవిడ మర్నాడే కొత్త కుండ తెప్పించి, వార్చిన గంజి పోసి మూల పెట్టింది. నాలుగోనాటికి పులిసింది. నాన్నగారు మారు వడ్డించుకుని తిన్నారు.

ఆ ఉత్సాహంలో ఆమెనూ అడిగాను: "మరి నీకేమిటే ఇష్టం?"

"నాకేమిటి? మీరంతా తిన్నాక మిగిలింది" అని నవ్వేసి, చీపురు పుచ్చుకుని వసారాలోకి పోయింది.

పాతికేళ్ళ కాపురం మాది. ఆ పూట అన్నం సయించనిది నాకు.