తంబూరాకు మా నూలు

బరోడాలో సంగీతం చదువుతున్నానని చెప్తే మా గల్లీలో అందరూ అడిగే మాట ఒకటే. "దాంతో నౌకరీ వస్తదా?" మా మేనత్త ఇంకో అడుగు ముందుకేసి, "పాట నేర్చుకోనీకె రైలెక్కి గంత దూరం పోవుడెందుకే, ఇంట్ల రేడియో లేదా?" అన్నది. నవ్వుతూనే అన్నది గానీ ఆ నవ్వు వెనక "ఆడపిల్ల, పద్దెనిమిదేళ్లు" అన్న లెక్క కూడా ఉన్నదని నాకు తెలుసు.

మాది సోలాపూర్ పూర్వభాగం. తాతల కాలంలో కరీంనగర్ దిక్కు నుంచి మగ్గం పని వెతుక్కుంటూ వచ్చి ఇక్కడే నిలిచిపోయినవాళ్లం. నాయిన మొదట మిల్లులో, అది మూతపడ్డాక కార్ఖానాలో సాంచాల మీద పని చేశాడు. అమ్మ బీడీలు చుట్టేది. చాట ఒళ్లో పెట్టుకుని, ఆకు కత్తిరిస్తూ, వేళ్ల పని వేళ్లకు వదిలేసి పాడుకునేది. నాకు పాట వచ్చింది అమ్మ దగ్గర నుంచే. శనివారం గుళ్లో భజన అయితే పెట్టె పక్కన కూర్చునేదాన్ని. ఆ హార్మోనియం వాయించే మరాఠీ మాస్టారే నన్ను గాంధర్వ మహావిద్యాలయ మండలం పరీక్షలకు కూర్చోబెట్టాడు. ప్రారంభిక్, ప్రవేశిక, మధ్యమ, ఇలా ఒక్కొక్కటీ దాటించి, "ఇక నా దగ్గర చెప్పేది అయిపోయింది, విశ్వవిద్యాలయానికి పో" అన్నాడు. అప్లికేషను ఫారం కూడా ఆయనే నింపాడు.

సోలాపూర్ నుంచి పుణె, అక్కడ బండి మారి బరోడా. నాయిన నాతో వచ్చాడు. సుర్‌సాగర్ చెరువు ఎదురుగా ఉన్న సంగీత కళాశాల ముందు నిలబడి చాలాసేపు చూశాడు. లోపల్నించి ఒక గదిలో తబలా, ఒక గదిలో సితార్, ఇంకో దిక్కున గజ్జెల చప్పుడు. నాకు మన గల్లీయే గుర్తొచ్చింది, ప్రతి ఇంట్లో ఒక సాంచా, ప్రతిదానికీ వేరే దెబ్బ. ప్రవేశ పరీక్షలో యమన్ పాడాను, పదహారు మాత్రల తీన్‌తాళం చేత్తో వేసి చూపించాను. సీటు వచ్చింది. నాయిన ఏమీ అనలేదు. తిరుగు ప్రయాణానికి బండెక్కి కిటికీలోంచి చెయ్యి ఊపాడు, అంతే.

ఆ బడి కథ ఒకటి చెప్పాలి. 1886లో మహారాజు సయాజీరావు గాయక్వాడ్ దాన్ని పెట్టించాడు. మౌలా బఖ్ష్ అనే విద్వాంసుడు మొదట నడిపాడు. గురువు కాళ్ల దగ్గర ఏళ్ల తరబడి పడి ఉంటే తప్ప దొరకని విద్యను బల్లల మీద కూర్చోబెట్టి, నల్లబల్ల మీద రాసి చెప్పించారు. 1916లో భాత్‌ఖండే పూనికతో మొదటి అఖిల భారత సంగీత సమ్మేళనం జరిగింది కూడా బరోడాలోనే. 1949లో విశ్వవిద్యాలయం వచ్చాక బడి అందులో భాగమైంది. ఘరానాల పిల్లలకు పాట ఇంట్లోనే దొరుకుతుంది. బీడీల ఇంటి పిల్లకు బడి తలుపు ఒక్కటే దారి. అందుకని ఆ మహారాజు మీద నాకు ఇప్పటికీ ఒక ప్రత్యేకమైన అభిమానం.

మొదటి నెలలోనే నవ్వులపాలయ్యాను. మా మాస్టారు నేర్పింది పలుస్కర్ రాత పద్ధతి. అందులో స్వరం నెత్తిన చుక్క పెడితే మంద్ర స్థాయి, కిందికి దిగాలి. భాత్‌ఖండే పద్ధతిలో నెత్తిన చుక్క ఉంటే తార స్థాయి, పైకెక్కాలి. క్లాసులో నల్లబల్ల మీద చుక్క చూసి అందరూ పై షడ్జం అందుకుంటే నేనొక్కదాన్నే బావిలోకి దిగినట్టు దిగిపోయాను. వెనక బెంచీ వాళ్లు పడీపడీ నవ్వారు. మేడం కూడా నవ్వు ఆపుకుని, "నీది తప్పు కాదమ్మా, చుక్కది" అన్నారు.

రెండో కష్టం నా గొంతు. "అరవకు" అని రోజూ అనేవారు. హాస్టల్లో గది పిల్లలు కూడా, "మామూలుగా మాట్లాడుతున్నావా, కొట్లాడుతున్నావా?" అని అడిగేవారు. నాకు అర్థమయ్యేది కాదు. మా ఇంట్లో అందరం అట్లాగే మాట్లాడతాం. కింద సాంచా నడుస్తుంటే పైన అన్నం పెట్టమని అడగాలన్నా అరవాల్సిందే. పొద్దున్నే లేచి ఖరజ్ సాధన చేస్తూ, అంటే కింది షడ్జం మీద ఊపిరి నిలబెడుతూ, మెల్లగా పాడటం నేర్చుకోవడానికే నాకు ఏడాది పట్టింది.

అక్కడ తెలుగు వినపడుతుందని మాత్రం అనుకోలేదు. భరతనాట్యం గది ముందు నుంచి పోతుంటే తెలుగు వర్ణం! 1880లో సయాజీరావు తంజావూరు మరాఠా రాజుల పిల్లను పెళ్లి చేసుకున్నప్పుడు అరణంతో పాటు నాట్యగత్తెలు, నట్టువనార్లు వచ్చారట. తంజావూరు మరాఠా రాజులు తెలుగు పాటను నెత్తిన పెట్టుకున్నవాళ్లు. అట్లా మరాఠీ పెళ్లికూతురి వెంట తెలుగు పాట గుజరాత్ చేరింది. డాన్సు పిల్లలు నన్ను పట్టుకుని, "నీది తెలుగు కదా, ఈ మాటకు అర్థం చెప్పు" అనేవారు. మన తెలుగు ఎట్లాంటిదో మీకు తెలుసు, సగం మరాఠీ. "మరులు" అంటే ఏమిటో నాకు రాలేదు. అమ్మకు ఫోన్ చేశాను. "మనసు పడుడే బిడ్డా, గదీ తెల్వదా?" అన్నది. బడి మెట్లెక్కని అమ్మ బరోడా విశ్వవిద్యాలయానికి అర్థం చెప్పింది.

ఫోన్ అంటే గుర్తొచ్చింది, నేను రాయాలనుకున్నది అసలు ఇదే. రెండేళ్లు నాయిన నాతో ఫోన్‌లో మాట్లాడలేదు. ఎప్పుడు చేసినా "ఆఁ, ఆఁ, మంచిగున్నవా, ఇగో మీ అమ్మకిస్తున్న" అని ఇచ్చేసేవాడు. నేను వెళ్లిపోయినందుకు కోపమనుకున్నాను. మేనత్త మాటలు, చుట్టాల మాటలు పడలేక లోపల్లోపల మండుతున్నాడనుకున్నాను. ఒక్కోసారి పడుకునే ముందు, చదువు మానేసి ఇంటికి పోదామా అనిపించేది.

రెండో ఏడాది ధ్వనిశాస్త్రం పాఠం వచ్చింది. తంబూరా తీగ మీటితే ఒక్క స్వరమే కాదు, దాని మీద రెట్టింపు, మూడింతలు, నాలుగింతల కంపనాలతో సన్నని స్వరాలు పుడతాయి. బ్రిడ్జి మీద తీగకూ పలకకూ మధ్య నూలు దారం సరిగ్గా జరిపితే ఆ సన్నని స్వరాలు మెరుస్తాయి. దాన్నే జవారీ అంటారు. సార్ పాఠం మధ్యలో మామూలుగా ఒక మాట అన్నారు. పెద్ద చప్పుళ్ల మధ్య ఏళ్ల తరబడి పని చేసేవాళ్లకు మొదట పోయేది ఈ పై ధ్వనులే, సెకనుకు నాలుగు వేల కంపనాల దగ్గర చెవి ముందు దెబ్బ తింటుంది, తీగ మోత వినిపిస్తుంది గానీ జవారీ వినిపించదు, గొంతు వినిపిస్తుంది గానీ స, చ, త లాంటి హల్లులు వినిపించవు, అందుకే వాళ్లకు మాట అందదు అని.

నా చేతిలో పెన్ను ఆగిపోయింది. ఇంట్లో అందరం అరుస్తాం కాబట్టి నాయినకు వినపడదని మాకెవరికీ తెలియలేదు. సాంచాల దగ్గర పెదవులు చూసి, చేతి సైగలు చూసి మాట పట్టుకోవడం నేతపని వాళ్లందరికీ అలవాటే. మనిషి ఎదురుగా ఉంటే నాయిన అట్లా నెట్టుకొచ్చేవాడు. ఫోన్‌లో పెదవులు ఎక్కడుంటాయి?

దీపావళికి ఇంటికి వచ్చి చెవుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. "నాకేమైందే, మంచిగనే ఇనవడ్తది" అని ఒకటే గొడవ. పరీక్ష చేసి కాగితం ఇచ్చారు. గీత బరువైన శబ్దాల దగ్గర బాగానే ఉంది, నాలుగు వేల దగ్గరికి వచ్చేసరికి గుంటలో పడ్డట్టు పడింది. పోయింది తిరిగి రాదు, ఉన్నది కాపాడుకోవాలి అన్నారు డాక్టరు. నాయిన ముప్పై ఏళ్లు చెవుల్లో పెట్టుకున్నది దూది, అదీ పత్తి వేస్టు. అంత చప్పుడుకు ఉత్త దూది చాలదట, చెవికి బిగుతుగా పట్టే ప్లగ్గులు కావాలట. చప్పుడు వల్ల వచ్చే చెవుడు అప్పటి ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులో వృత్తి రోగాల్లో ఉన్నదని కూడా ఆ రోజే విన్నాను. నాయిన పని చేసిన మిల్లులో ఆ మాట ఎవరూ చెప్పలేదు. ఇది చదివే వాళ్ల ఇళ్లలో టీవీ సౌండు రోజురోజుకీ పెంచేవాళ్లుంటే ఒకసారి పరీక్ష చేయించండి.

ఆ ఏడే మిల్లు బాకీ డబ్బులు కొంత చేతికి వచ్చాయి. ఇంటి మీద రేకులు మార్చాలని అమ్మ పట్టు. వానకు మూడు చోట్ల గిన్నెలు పెట్టుకునే ఇల్లు, అమ్మది న్యాయమే. నాయిన మాత్రం, "దీనికి సొంత తంబూర లేదు, అడుక్కొని వాయించుకుంటది" అన్నాడు. రెండు రోజులు ఇంట్లో ఎవరికీ ఎవరితో మాటల్లేవు. చివరికి ఒక్క వైపు రేకులు మారాయి, మిగిలిన డబ్బుతో మిరజ్ పోయి వాడిన తంబూరా తెచ్చుకున్నాం. మిరజ్ తంబూరాలు ఎంత పేరున్నవంటే 2024లో వాటికి జీఐ గుర్తింపు కూడా వచ్చింది, మన సోలాపూర్ చద్దరుకు ఉన్నట్టే. అక్కడి కారీగరు ఒక మాట చెప్పాడు. తంబూరా కింద ఉండే పెద్ద సొరబుర్ర కాసేది మన సోలాపూర్ జిల్లాలోనే, పంఢర్‌పూర్, మంగళవేఢా దిక్కు చేలల్లో. నాయిన ఆ మాట రెండుసార్లు చెప్పించుకుని విన్నాడు.

ఇంటికి తెచ్చాక చూస్తే జవారీ పలకడం లేదు. దారం బాగా నలిగిపోయింది. నేను కుట్టు మిషను దారం పెట్టి చూశాను. తీగ మూగగా మోగింది. నాయిన వచ్చి ఆ దారం తీసి వేళ్ల మధ్య నలిపి, "ఇది మెరుగు దారం, జారుతది" అన్నాడు. కార్ఖానా నుంచి నాలుగైదు రకాల నూలు పోగులు తెచ్చాడు. సన్నం, లావు, ఒంటి పోగు, జంట పోగు. ఒక్కొక్కటీ తీగ కింద పెట్టి జరుపుతుంటే నేను మీటుతూ, "ఇంకొంచెం పైకి... కొంచెం కిందికి" అని చేత్తో సైగ చేశాను. జంట పోగు నూలు దగ్గర తీగ ఒక్కసారి తేనెటీగల తుట్టెలాగ విచ్చుకుంది. నా మొహం చూసి నాయిన చెయ్యి ఆపేశాడు. ఆయనకు ఆ మెరుపు వినపడలేదు. అరచెయ్యి సొరబుర్ర మీద పెట్టి, "గిక్కడ తెలుస్తుంది. ఇందాక వేరె, ఇప్పుడు వేరె" అన్నాడు.

ఆ సాయంత్రం, ఫోన్‌లో మాట్లాడకపోతే కోపమనుకున్నానని చెప్పాను. ఎదురుగా కూర్చుని, పెదవులు కనపడేటట్టు, నెమ్మదిగా. నాయిన చాలాసేపు నూలు కండెకు చుట్టుకుంటూ కూర్చున్నాడు. "నువ్వు చెప్పేది తెల్వక తప్పు జవాబిస్త, నవ్వుతవేమో అనుకున్న" అన్నాడు.

చదువు అయిపోయింది. ఇప్పుడు సోలాపూర్‌లోనే రెండు బళ్లలో పాట చెప్తున్నాను, సాయంత్రం ఇంట్లో ట్యూషన్లు. మేనత్త మనవరాలు కూడా వస్తుంది.

మొన్న శ్రావణ పౌర్ణమికి మార్కండేయుడి రథం ఊరేగింపు అయిన మర్నాడు, మన వాడ వాళ్లు మంగళ కార్యాలయంలో నా పాట పెట్టించారు. తంబూరా వాయించే పిల్లకు జ్వరం వచ్చింది. ఎవరిని కూర్చోబెట్టాలని చూస్తుంటే నాయిన లేచి వచ్చి నా వెనక కూర్చుని తంబూరా ఒళ్లోకి తీసుకున్నాడు. నాలుగు తీగలు వరసగా, ఒకే నడకలో మీటాలి, పాట ఎంత తొందరపడ్డా తంబూరా తొందరపడకూడదు. సాంచా మనిషికి అది చెప్పనక్కర్లేదు. యమన్ ముప్పావు గంట పాడాను. ఆలాపనలో మాటలుండవు, ఉన్నా వెనక నుంచి నా పెదవులు ఆయనకు కనపడవు. సొరబుర్ర పొట్టకు ఆనించుకుని కళ్లు మూసుకుని మీటుతూనే ఉన్నాడు.

పాట ముగిసి చప్పట్లు కూడా అయిపోయాయి. నాయిన వేళ్లు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. వెనక్కి తిరిగి మోకాలి మీద తట్టాక కళ్లు తెరిచి, "అయిపోయిందా?" అన్నాడు.